మూడు పలకల మడత చిత్రం: రూపకల్పన, నిర్మాణం, రంగుల పని



ఈనాటి ప్రసంగంలో మనం వడ్రంగానికీ చిత్రకళకూ రెంటికీ చెందిన ఒక వస్తువును గురించి తెలుసుకుందాం. అది మూడు చెక్క పలకల మడత చిత్రం. మధ్య పలక పెద్దది. దానికి ఇరువైపులా తలుపుల్లాంటి రెండు రెక్కలు మడత బందులతో బిగించి ఉంటాయి. రెక్కలు మూస్తే ఒక పెట్టెలా కనిపిస్తుంది, తెరిస్తే మూడు చిత్రాలు కనిపిస్తాయి. ఐరోపా భాషల్లో దీనిని ట్రిప్టిక్ అంటారు. మూడు మడతలు అనే అర్థం గల గ్రీకు మాట నుంచి ఆ పేరు వచ్చింది.

కోల్‌కతాలోని ఖిదిర్‌పూర్‌లో కొందరు పిల్లలతో కలిసి ఇలాంటి చిత్రం ఒకటి తయారు చేశాం. ఆ అనుభవం ఆధారంగానే ఈ పాఠం చెబుతున్నాను. మొదటి ప్రయత్నం పాడైపోయింది. అది ఎందుకు పాడైందో కూడా చెబుతాను. ఈ పనిలోని అసలు సూత్రం నాకు అప్పుడే అర్థమైంది.

ఇది ఎక్కడెక్కడ ఉంది?

ముందుగా కొంత నేపథ్యం చూద్దాం. ఐరోపాలో ఈ చిత్రాలు ఎక్కువగా చర్చిల్లో ఉండేవి. ఇళ్లలో పెట్టుకోవడానికి చిన్నవి కూడా చేసేవారు. న్యూయార్క్‌లోని క్లాయిస్టర్స్ మ్యూజియంలో మెరోడ్ అనే పేరుగల ట్రిప్టిక్ ఉంది. రాబర్ట్ కాంపిన్ అనే చిత్రకారుని కార్ఖానాలో, సుమారు 1427-1432 మధ్య తయారైంది. ఎత్తు 64 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. రెక్కలు పూర్తిగా తెరిస్తే వెడల్పు 118 సెంటీమీటర్ల దాకా వస్తుంది. దాని కుడి రెక్కలో ఎవరున్నారో తెలుసా? తన కొట్టులో కూర్చొని చెక్కకు కన్నాలు వేస్తున్న వడ్రంగి జోసెఫ్. అతని ముందు బల్ల మీద పనిముట్లు పరిచి ఉంటాయి.

మన దేశంలో దీనికి దగ్గరి చుట్టం రాజస్థాన్‌లోని కావడ్. చిత్తోర్‌గఢ్ జిల్లా బస్సీ గ్రామంలోని వడ్రంగులు దీన్ని తయారు చేస్తారు. కథ చెప్పేవారు వేరే, వారు మార్వాడ్ ప్రాంతపు భట్టులు. కావడ్‌కు మూడు కాదు, చాలా తలుపులు ఉంటాయి. ఒక్కొక్క తలుపు తీస్తూ ఒక్కొక్క ఘట్టం చెబుతూ పోతారు. అన్నీ తీశాక లోపలి గూట్లో సీతారామలక్ష్మణులు కనిపిస్తారు. అంటే ఏది ముందు చూడాలో, ఏది చివర చూడాలో ఆ చెక్కపనే నిర్ణయిస్తుంది. మన చేర్యాల నకాషీ కళాకారుల పటంలో కూడా ఇదే జరుగుతుంది. పటం విప్పుతున్న కొద్దీ కథ నడుస్తుంది.

దీనిని బట్టి మొదటి పాఠం నేర్చుకోవచ్చు. మడత చిత్రం అంటే పక్కపక్కన పెట్టిన మూడు బొమ్మలు కాదు. అది ఒక వరుసలో చూపించే సాధనం. కాబట్టి కుంచె పట్టుకునే ముందే మూడు ప్రశ్నలు వేసుకోవాలి. మూసినప్పుడు ఏం కనిపించాలి? తెరవగానే ఏం కనిపించాలి? తెరిచినప్పుడు ఏది వెనక్కి పోతుంది? ఈ మూడో ప్రశ్నను చాలామంది మరిచిపోతారు. మేమూ మరిచిపోయాం.

రూపకల్పన: ఖిదిర్‌పూర్‌ను మూడు పలకల్లో ఎలా చెప్పాలి?

మేము తీసుకున్న విషయం ఖిదిర్‌పూర్ ఊరే. హుగ్లీ నది ఒడ్డున ఇక్కడి డాకులు 1892లో మొదలయ్యాయి. హుగ్లీలో ఆటుపోట్ల వల్ల నీటిమట్టం బాగా పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. అందువల్ల డాకులో నీరు నిలిపి ఉంచడానికి లాక్ గేట్లు పెట్టారు. గేటు తెరిస్తే ఓడ లోపలికి వస్తుంది, మూస్తే నీరు నిలుస్తుంది. ఓడ పోవడానికి పైకి లేచే వంతెన కూడా ఇక్కడ ఉంది. తెరుచుకుంటూ మూసుకుంటూ బతికే ఊరికి తెరుచుకుంటూ మూసుకునే చిత్రం నప్పుతుందని మేము అనుకున్నాం.

ఇక కథలు. 1834 నుంచి 1917 దాకా ఒప్పంద కూలీలు ఈ నదీ తీరం నుంచే మారిషస్‌కూ, గయానాకూ, ట్రినిడాడ్‌కూ, సురినామ్‌కూ ఓడలెక్కారు. 1873లో సురినామ్‌కు వెళ్లిన మొదటి ఓడ లల్లా రూఖ్ బయలుదేరింది కలకత్తా నుంచే. సురినామ్ ఘాట్ అనే పేరు ఇప్పటికీ ఇక్కడ వినిపిస్తుంది. ఇది వెళ్లినవారి కథ. మరోవైపు బీహారు నుంచి, ఒరిస్సా నుంచి, మన ఉత్తరాంధ్ర జిల్లాల నుంచి ఓడరేవు పనులకూ, జూటు మిల్లులకూ కలకత్తా వైపు వచ్చినవారున్నారు. ఇది వచ్చినవారి కథ. ఎడమ రెక్క మీద వెళ్లినవారు, కుడి రెక్క మీద వచ్చినవారు, మధ్య పలక మీద అందరూ దాటిన నీరు, గేటు అని అనుకున్నాం. ఇంతవరకు తేలిగ్గానే సాగింది.

చిక్కు ఇంకొక కథతో వచ్చింది. 1943 డిసెంబర్ 5, ఆదివారం పట్టపగలు, జపాన్ విమానాలు ఖిదిర్‌పూర్ డాకుల మీద బాంబులు వేశాయి. వందలాది మంది చనిపోయారు. వారిలో ఎక్కువ మంది బరువులు మోసే కూలీలు. దీన్ని ఎక్కడ పెట్టాలి?

"మధ్యలో పెడదాం మాస్టారూ, అన్నిటికంటే పెద్దది అదే కదా" అన్నాడు ఒక కుర్రాడు. "మధ్యలో పెడితే మన ఊరంటే బాంబులే అనుకుంటారు" అంది ఒక అమ్మాయి. "మా ఇంట్లో ఆ సంగతి ఎవరూ ఎత్తరు. అడిగితేనే చెబుతారు" అన్నాడు మరొకడు. రెండు రోజులు వాదన జరిగింది. చివరకు బాంబుదాడిని రెక్కల బయటివైపు, బూడిద రంగుల్లో వేయాలని నిర్ణయించాం. దీనికి పూర్వ ఉదాహరణ ఉంది. హిరోనిమస్ బాష్ వేసిన గార్డెన్ ఆఫ్ ఎర్త్‌లీ డిలైట్స్ మాడ్రిడ్‌లోని ప్రాడో మ్యూజియంలో ఉంది. దాని రెక్కలు మూస్తే బయట బూడిద వన్నెలో ఒక గోళం కనిపిస్తుంది. తెరిస్తే లోపలి రంగులన్నీ ఒక్కసారిగా బయటపడతాయి.

కొలతలు

చెక్క కోసే ముందు కాగితంతో నమూనా చేయాలి. ఒక తెల్లకాగితం తీసుకొని రెండు చివరల్ని సరిగ్గా మధ్యగీత దగ్గరికి మడవండి. మీ మడత చిత్రం తయారైంది. మధ్య భాగం సగం, ఒక్కొక్క రెక్క పావు. కాగితంలో ఈ లెక్క సరిపోతుంది. చెక్కలో సరిపోదు. ఎందుకంటే చెక్కకు మందం ఉంటుంది, గాలిలోని తేమకు అది ఉబ్బుతుంది.

మా కొలతలు ఇవి. మధ్య పలక వెడల్పు 30 సెంటీమీటర్లు, ఎత్తు 40 సెంటీమీటర్లు, మందం 12 మిల్లీమీటర్లు. ఒక్కొక్క రెక్క వెడల్పు 15 కాదు, 14.9 సెంటీమీటర్లు. అప్పుడు మూసినప్పుడు రెండు రెక్కల మధ్య 2 మిల్లీమీటర్ల సందు ఉంటుంది. రెక్క మందం 9 మిల్లీమీటర్లు చాలు. బరువు తగ్గితే బందుల మీద భారం తగ్గుతుంది. రెక్క ఎత్తు మధ్య పలక కంటే కింది వైపు 2 మిల్లీమీటర్లు తక్కువ ఉండాలి. లేకపోతే తెరిచేటప్పుడు బల్లను గీరుతుంది.

మూడు పలకల లోపలి ముఖాల మీద, అంచుల వెంబడి, 12 మిల్లీమీటర్ల వెడల్పు, 4 మిల్లీమీటర్ల ఎత్తు ఉన్న సన్న పట్టీలు బిగించాలి. ఇవి అందం కోసం మాత్రమే కాదు. మూసినప్పుడు పట్టీ మీద పట్టీ ఆని, రంగు వేసిన ముఖాల మధ్య 8 మిల్లీమీటర్ల ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీ లేకపోతే రంగులు ఒకదానికొకటి అంటుకొని పెచ్చులూడతాయి. పట్టీలు పోగా బొమ్మకు మిగిలే వెడల్పు మధ్య పలకలో 27.6 సెంటీమీటర్లు, రెక్కలో 12.5 సెంటీమీటర్లు. మీ చిత్తుబొమ్మ ఈ కొలతల్లోనే గీయాలి.

చెక్కపని

మేము వాడినది గుమ్మడి టేకు. బెంగాల్‌లో దీనిని గమారి అంటారు. తేలిక, కోతకు అనువైనది. టేకు, మామిడి కూడా పనికివస్తాయి. ఏదైనా బాగా ఎండి ఉండాలి.

చెక్క స్వభావం గురించి ఒక శాస్త్ర విషయం గుర్తుంచుకోండి. పచ్చి చెక్క పూర్తిగా ఎండేటప్పుడు పొడవునా దాదాపు కుంచించుకోదు, వెయ్యింట ఒకటి రెండు వంతులు మాత్రమే. అడ్డంగా మాత్రం నూటికి ఐదు నుంచి పది వంతుల దాకా కుంచించుకోవచ్చు. ఎండిన చెక్క కూడా వానాకాలంలో తేమ పీల్చి అడ్డంగా కొంత ఉబ్బుతుంది. 30 సెంటీమీటర్ల పలక ఒకటి రెండు మిల్లీమీటర్లు పెరగడం మామూలే. అందుకని మూడు పలకల్లోనూ చెక్క నార నిలువుగానే ఉండేలా కోయాలి. అప్పుడు పెరిగినా తగ్గినా మూడూ ఒకేలా మారతాయి. పైనా కిందా అడ్డంగా వచ్చే పట్టీల్ని మధ్యలో మాత్రమే జిగురుతో అంటించి, కొసల్లో సన్న మేకులతో నిలపాలి. మొత్తం జిగురు పూస్తే పలక పెరగడానికి వీల్లేక పగులుతుంది.

కోసిన పలకల్ని చిత్రిక పట్టి, మూలమట్టంతో నాలుగు మూలలు సరిచూసి, ఉప్పు కాగితంతో నునుపు చేయాలి. ఆ తరువాత బందులు. ఒక్కొక్క రెక్కకు రెండు చిన్న ఇత్తడి మడత బందులు చాలు. ఇక్కడ చాలామంది తికమక పడతారు. బొమ్మ తెరిచినప్పుడు బందు మూసుకొని ఉంటుంది. బొమ్మ మూసినప్పుడు బందు తెరుచుకొని ఉంటుంది. బందు ఆకుల్ని పలకల పక్క అంచుల్లో ఉలితో గాడి తీసి దింపాలి. బందు గొట్టం లోపలి ముఖం వైపు, పట్టీల పైతలంతో సమంగా రావాలి. గాడి ఆకు మందం కంటే లోతైతే రెక్క పూర్తిగా తెరుచుకోదు, బిగిసిపోయి మరమేకుల్ని పెరుకుతుంది. లోతు తక్కువైతే తెరిచినప్పుడు పలకల మధ్య సందు కనిపిస్తుంది. బందులు బిగించి, ఇరవై సార్లు తెరిచి మూసి చూసి, మళ్లీ విప్పేయండి. రంగుల పని అంతా బందులు విప్పాకే చేయాలి.

పూత, మా పొరపాటు

చెక్క మీద నేరుగా రంగు వేయకూడదు. తెల్లని సుద్ద పూత కావాలి. ఉత్తర ఐరోపా చిత్రకారులు జంతువుల జిగురులో సుద్ద కలిపి పూసేవారు. మన నకాషీ వారు బట్ట మీద చింతగింజల జిగురు, సుద్దమట్టి కలిపి పూస్తారు. కొండపల్లి బొమ్మల్లో తెల్లపొణికి చెక్క ముక్కల్ని అతికే మక్కు కూడా చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపినదే.

చింతగింజల్ని వేయించి, పైతొక్క తీసి, రాత్రంతా నానబెట్టి, మెత్తగా రుబ్బి, నీళ్లలో ఉడికిస్తే జిగురు తయారవుతుంది. వడగట్టి అందులో మెత్తని సుద్దపొడి కలపాలి. పలుచగా నాలుగైదు పూతలు వేయాలి. ఒకటి నిలువుగా, ఒకటి అడ్డంగా. ప్రతి పూత ఆరాక ఉప్పు కాగితంతో రుద్దాలి. జిగురు పాళ్లు సరిపోయాయో లేదో వేలితో తెలుసుకోవచ్చు. ఆరిన పూతను రుద్దితే పొడి రాలుతున్నదంటే జిగురు తక్కువ. సన్నటి పగుళ్లు కనిపిస్తే జిగురు ఎక్కువ.

మొదటిసారి మేము ఈ పూతను లోపలి ముఖాలకే వేశాం. బయటివైపు తరువాత చూసుకోవచ్చు అనుకున్నాం. వేసవిలో పని ముగిసింది. లోపలి మూడు చిత్రాలు బాగానే వచ్చాయి. ఆగస్టు నాటికి రెక్కలు వంగిపోయాయి. పూత లేని వెనుక భాగం వాన తేమను ఎక్కువగా పీల్చి ఉబ్బింది. పూత ఉన్న ముఖం అంతగా ఉబ్బలేదు. దానితో రెక్క మధ్యభాగం బయటికి పొంగి, అంచులు లోపలికి తిరిగాయి. బలవంతంగా మూస్తే అంచు మధ్య పలకకు ఒరుసుకొని రంగు లేచిపోయింది. ఎడమ రెక్క మీద ఓడ ఎక్కుతున్న స్త్రీ ముఖం అలా పోయింది. దాన్ని వేసిన అమ్మాయి ఏమీ అనలేదు. ఆ పలకను ఇంటికి తీసుకుపోయింది.

తప్పు పూర్తిగా నాదే. ఒక పలకకు ఒక ముఖానికి ఏం చేస్తే రెండో ముఖానికీ అదే చేయాలి. అన్ని పూతలు, అంతే మందం, ఒకే రోజుల్లో. పక్క అంచులకు కూడా. ఇది చెక్క మీద చిత్రం వేసే ప్రతి ఒక్కరూ గుర్తుంచుకోవలసిన నియమం.

రంగుల పని

ఖిదిర్‌పూర్‌కు దగ్గరలోనే కాళీఘాట్ ఉంది. 19వ శతాబ్దంలో అక్కడి పటువాలు యాత్రికుల కోసం కాగితం మీద వేసిన బొమ్మలు లోకప్రసిద్ధి పొందాయి. ఖాళీ నేపథ్యం, ఒకరో ఇద్దరో మనుషులు, ఒకే ఊపులో గీసిన గీత, అంచు దగ్గర ముదురై లోపలికి లేతబడే రంగు. ఇరుకైన రెక్కకు ఈ పద్ధతి చక్కగా సరిపోతుంది. 12.5 సెంటీమీటర్ల వెడల్పులో గుంపును ఇరికించకండి. ఇద్దరు ముగ్గురు చాలు. గుంపు మధ్య పలకలో ఉండాలి.

మేము వాడిన రంగులు: ఎరుపుకు జేగురు, నీలానికి నీలిమందు, నలుపుకు దీపపు మసి, తెలుపుకు సుద్ద. కలపడానికి తుమ్మజిగురు నీళ్లు. పాత గ్రంథాల్లో ఇంగిలీకం, హరిదళం పేర్లు చదివి వాటి కోసం వెతకకండి. ఒకదానిలో పాదరసం, మరొకదానిలో ఆర్సెనిక్ ఉంటాయి. అవి విషాలు. వాటికి బదులు దుకాణంలో దొరికే మామూలు రంగులు వాడుకోవచ్చు.

మూడు పలకల్నీ కలిపే ఒక గీత ఉండాలి. మాకు అది నీటి గీత. కింది నుంచి 16 సెంటీమీటర్ల ఎత్తులో మూడింటిలోనూ ఒకే మట్టంలో గీశాం. రెక్కల కింది అంచు 2 మిల్లీమీటర్లు పైన ఉంటుంది కదా, కాబట్టి రెక్కల మీద 15.8 దగ్గర గుర్తు పెట్టాలి. ఈ చిన్న లెక్క తప్పితే తెరిచినప్పుడు నీరు మెట్లు మెట్లుగా కనిపిస్తుంది.

మరొక విషయం. రెక్కల్ని పూర్తిగా వెనక్కి చాపితే చిత్రం నిలబడదు, పడిపోతుంది. కొంచెం ముందుకు వంచి ఉంచాలి. అలా వంచినప్పుడు రెండు రెక్కల మీద వెలుగు ఒకేలా పడదు, బొమ్మలు కూడా కాస్త ఇరుకుగా కనిపిస్తాయి. అందువల్ల చిత్తుబొమ్మలు అంటించి, అదే కోణంలో నిలబెట్టి, కూర్చొని ఒకసారి, నిలబడి ఒకసారి చూసుకోవాలి.

బయటి ముఖం

చివరగా బాంబుదాడి చిత్రం. రెండోసారి చెక్కకు రెండువైపులా పూత వేశాక ఇక్కడికి వచ్చాం. రెండు రెక్కలు కలిసే చోట సందు ఉంటుంది కదా. తెరిస్తే బొమ్మ ఆ సందు దగ్గర రెండుగా చీలుతుంది. చిత్తుబొమ్మలో ఒక కూలీ శరీరం సరిగ్గా ఆ గీత మీద పడింది. "తెరిచిన ప్రతిసారీ ఆయన్ను మనం కోసినట్టవుతుంది కదా" అన్నాడు ఇంట్లో ఆ సంగతి ఎత్తరని చెప్పిన కుర్రాడు. దానితో బొమ్మ మార్చాం. సందు మీద మనిషి ఎవరూ రాకుండా, ఖాళీ ఆకాశం, పొగ, నీరు మాత్రం ఉంచాం. మనుషుల్ని రెండు వైపులా జరిపాం. కీలు మీద, సందు మీద ముఖం పడకూడదు అన్నది సాధారణ నియమంగా కూడా మంచిదే.

ఆ కుర్రాడు మరొక ప్రశ్న కూడా అడిగాడు. "తెరిచినప్పుడు వాళ్లంతా గోడవైపు తిరిగిపోతారు కదా మాస్టారూ?" నిజమే. నేను మొదట్లో చెప్పిన మూడో ప్రశ్న ఇదే. దానికి జవాబు బొమ్మలో లేదు, పెట్టే చోటులో ఉంది. మడత చిత్రాన్ని గోడకు ఆనించకుండా గది మధ్యలో బల్ల మీద పెట్టాలని నిర్ణయించాం. చూసేవారు చుట్టూ తిరిగి చూడాలి. అలా పెడితే మధ్య పలక వెనుక భాగం కూడా కనిపిస్తుంది. దానికి ఎలాగూ సుద్ద పూత వేయాలి. దాని మీద రెక్కల బయటివైపున్న బూడిద ఆకాశాన్నే కొనసాగించాం. మనుషుల్ని వేయలేదు.

రెండో చిత్రం ఒక వానాకాలం గడిపింది. రెక్కలు ఇప్పటికీ చేతి వేలితో తోస్తే మూసుకుంటున్నాయి. మొదటి పలకను తీసుకుపోయిన అమ్మాయి రెండోసారి కూడా ఎడమ రెక్కే అడిగి తీసుకుంది. ముఖాన్ని మళ్లీ వేసింది.

విద్యార్థులారా, ఈ పాఠంలో తెలుసుకున్న ముఖ్య విషయాలు ఒకసారి గుర్తు చేసుకుందాం. మడత చిత్రంలో చూసే వరుసను ముందు నిర్ణయించాలి. రెక్కల వెడల్పు సగం కంటే కొంచెం తక్కువ ఉండాలి. మూడు పలకల నార ఒకే దిక్కున ఉండాలి. పూత రెండు ముఖాలకూ సమంగా పడాలి. సందు మీద ముఖం రాకూడదు.

ఇక మీరు చేయవలసిన పని. ఒక తెల్లకాగితాన్ని నేను చెప్పినట్టు మడవండి. మీ ఊరి నుంచి వెళ్లినవారిని ఒక రెక్క మీద, మీ ఊరికి వచ్చినవారిని మరో రెక్క మీద గీయండి. మధ్యలో ఏముండాలో ఇంట్లో పెద్దవారిని అడిగి తెలుసుకోండి. బయట ఏముండాలో మాత్రం మీ తోటివారితో కూర్చొని, వాదించుకొని తేల్చుకోండి. కాగితం మీద ఆ వాదన తెగిన తరువాతే చెక్క కొనండి.

సెలవు.